కోసిన పూలను శీతల గిడ్డంగిలో నిలుపుట ఎట్లు?

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల పూలరైతులకు సూచనలు



వర్షము తక్కువగా పడు మన ప్రాంతములో పూలతోట చిన్నరైతునకు మంచి ఆదరువు. బోరుబావిలోని కొద్దిపాటి నీటితో అరెకరము చామంతియో, కనకాంబరమో, మల్లెయో, బంతియో పెట్టుకొన్నచో ఇంటిల్లిపాదికి పని దొరకును. పూత మొదలైన పిమ్మట నెలల తరబడి ఎదురుచూడక చేతికి రొక్కము వచ్చును. పాలీహౌసులు వేసి రోజా, జెర్బెరా వంటి పొడవుకాడల పూలు పెంచు రైతులును కలరు. 2022 ఏప్రిలులో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని ఈ మూడు పట్టణములకు రవాణా సౌకర్యము కూడ ఉన్నది. హిందూపురమునకు బెంగుళూరు సుమారు వంద కిలోమీటర్ల దూరమే. 44వ నంబరు జాతీయ రహదారి పెనుకొండ ప్రక్కగా పోవుచున్నది. ధర్మవరము రైల్వే జంక్షను.

ఇన్ని ఉన్నను పూలరైతునకు ఒక కష్టము తప్పుట లేదు. పూలు విరగబూసిన దినమున ధర ఉండదు. ధర ఉన్న దినమున తోటలో పూలు చాలవు. వరలక్ష్మీవ్రతము, వినాయకచవితి, దసరా, దీపావళి, పెండ్లి ముహూర్తములు వచ్చినపుడు పూలకు ఎక్కడలేని గిరాకి. పండుగ దాటిన మరునాడు అవే పూలను గంపలతో బజారులో పారబోసి వచ్చుట మనమెరుగనిది కాదు. "నాలుగు దినములు నిలుపుకొనగలిగిన బాగుండును గదా" అని ప్రతి పూలరైతు అనుకొనును. ఆ కోరికతోనే కొందరు పూలను శీతల గిడ్డంగిలో పెట్టుచున్నారు. వారిలో లాభము పొందినవారును ఉన్నారు. గిడ్డంగి బాడుగ కట్టి, నల్లబడిన పూలను ఇంటికి తెచ్చుకొన్నవారును ఉన్నారు.

ఈ రెండు రకములవారికి భేదము ఎక్కడ వచ్చినది? సాధారణముగా అది గిడ్డంగి లోపల కన్న గిడ్డంగికి చేరకముందే వచ్చును. చల్లదనము వాడిన పూవునకు ప్రాణము పోయదు. పూవులో మిగిలియున్న ప్రాణమును నెమ్మదిగా ఖర్చు చేయించును, అంతే. కావున ఎంత ప్రాణముతో పూవును లోపలికి పంపుచున్నాము, ఏ పూవునకు ఎంత చలి ఇచ్చుచున్నాము అనునవి తెలిసికొని చేయవలెను. ఈ వ్యాసములో చెప్పిన డిగ్రీలన్నియు సెంటిగ్రేడు డిగ్రీలు.

కోసిన పూవు బ్రతికియే ఉండును

చెట్టునుండి కోసిన తరువాత కూడ పూవు ఊపిరి పీల్చుచునే ఉండును. ఊపిరి పీల్చుటకు తనలో దాచుకొన్న చక్కెరను ఖర్చు పెట్టుకొనును. చెట్టు మీద నున్నపుడు ఆకులు ఆ చక్కెరను తయారుచేసి ఇచ్చుచుండెను. కోసిన తరువాత రాబడి లేదు, ఖర్చు మాత్రమే. ఉన్న మూట అయిపోయిన దినమున పూవు వాడిపోవును.

ఈ ఖర్చు వేడిని బట్టి యుండును. వేడి 10 డిగ్రీలు పెరిగినపుడెల్ల పూవు ఊపిరి రెండు మూడు రెట్లు హెచ్చును. రెండు రెట్ల చొప్పున లెక్కించినను, 30 డిగ్రీల ఎండలోనున్న పూవు 0 డిగ్రీల దగ్గర నున్న పూవుకంటె ఎనిమిది రెట్లు త్వరగా తన మూటను ఖర్చు చేసికొనును. అనగా ఎండలో ఒక గంట ఉంచిన గంప, చల్లని గదిలో ఎనిమిది గంటల ఆయుస్సును పోగొట్టుకొనినదని అర్థము. ఊపిరి పీల్చుటలో పూవు స్వయముగా వేడిని కూడ పుట్టించును. గోనెసంచిలో కుక్కిన చామంతిపూలలోనికి చేయిపెట్టి చూచినచో ఈ సంగతి మీకే తెలియును.

రెండవ నష్టము నీరు. రేకులనుండి నీరు ఆవిరియై పోవుచునే ఉండును. పొడిగాలి తగిలిన కొలది ఇది ఎక్కువగును. మూడవది బూజు. తడిసిన రేకులమీద బూడిదరంగు బూజు పట్టి పూవును కుళ్ళజేయును. ఈ బూజు చలిలో కూడ నెమ్మదిగా పెరుగగలదు. ఈ మూడు శత్రువులను గుర్తుంచుకొన్నచో క్రింద చెప్పు పనులన్నిటికి కారణము సులభముగా బోధపడును.

ఏ పూవునకు ఎంత చలి?

అన్ని పూలకు ఒకే చల్లదనము పనికిరాదు. చలిదేశములలో పుట్టిన పూలు ఎక్కువ చలిని ఓర్చుకొనును. వేడిదేశపు పూలు ఆ చలికి దెబ్బతినును.

చామంతి: నిల్వకు మిక్కిలి అనువైన పూవు ఇదే. కాడలతో కోసిన పెద్ద చామంతులను 0 నుండి 1 డిగ్రీ వరకు స్థిరముగా ఉంచగల మంచి గదిలో, పాలిథీను పరచిన పెట్టెలలో, మూడు వారముల వరకు నిలుపవచ్చును. మనము ఎక్కువగా అమ్మునది కాడలేని విడిపూవు. దానికి అంత ఓపిక లేదు. 2 నుండి 4 డిగ్రీలలో నాలుగైదు దినములకు నిల్వను లెక్కవేసికొనుట క్షేమము.

రోజా: పొడవుకాడల రోజాలను నీటి బక్కెట్లలో నిలిపి, 2 నుండి 4 డిగ్రీలలో నాలుగైదు దినములు ఉంచవచ్చును. అంతకు మించి ఉంచవలెనన్న పెట్టెలలో నీరు లేకుండ, 0 నుండి 1 డిగ్రీలో ఉంచవలెను. అట్లుంచినను రెండు వారములు దాటరాదు. గిడ్డంగిలో గడచిన ప్రతి దినమును కొన్నవారి ఇంటిలో పూవు నిలుచు దినములనుండి కొంత తగ్గించునని మరువరాదు.

జెర్బెరా, కార్నేషను: జెర్బెరాను 2 నుండి 4 డిగ్రీలలో కొద్ది దినములు ఉంచవచ్చును. కార్నేషను మొగ్గదశలో కోసినచో 0 నుండి 1 డిగ్రీలో కొన్ని వారములు నిలుచును.

బంతి: 4, 5 డిగ్రీలలో కొద్ది దినములు నిలుచును. తొడిమ దగ్గర తడి ఉన్నచో కుళ్ళు అక్కడనే మొదలగును.

లిల్లీ: దీనినే నేలసంపెంగ అనియు, కన్నడసీమలో సుగంధరాజ అనియు అందురు. దీనికి ఎక్కువ చలి ఇచ్చినచో మొగ్గలు విచ్చవు. కోసిన వెంటనే అమ్ముకొనుటయే మేలు. తప్పనిసరియైనచో ఒకటి రెండు దినములకు మించి పెట్టరాదు.

మల్లె, కనకాంబరము: కదిరి మల్లెలకు మన ప్రాంతమున ఎంత పేరున్నదో మీకు తెలియును. కాని మల్లెమొగ్గ ఆయుస్సు గంటలలో లెక్కించవలసినదే. ఆనాటి సాయంకాలమునకు విచ్చవలసిన మొగ్గను తెల్లవారకముందే కోసి, థర్మోకోలు పెట్టెలో పెట్టి, మంచుగడ్డలను పాలిథీను సంచులలో కట్టి ప్రక్కన ఉంచి పంపినచో దూరపు బజారునకు మొగ్గగానే చేరును. మంచు మొగ్గలకు నేరుగా తగులరాదు. కనకాంబరపు పూలను తడిగుడ్డ కప్పిన వెదురుబుట్టలో నీడను ఉంచి ఆ దినమే అమ్ముట మంచిది. ఈ రెండు పూలను పండుగ కొరకు వారము దినములు గిడ్డంగిలో దాచవలెనని చూచుట వృథా.

ఆంథూరియము, ఆర్కిడ్డు: ఇవి వేడిదేశపు పూలు. వీటిని 12, 13 డిగ్రీలకు తక్కువ చలిలో పెట్టరాదు. పెట్టినచో రేకులు నల్లబడి చెడును. వర్తకుడెవరైన వీటిని మీ రోజాలతోపాటు ఒకే గదిలో ఉంచెదనన్నచో రెండింటిలో ఒకటి చెడుట నిశ్చయము.

కోతలో జాగ్రత్త

నిల్వకు పెట్టు పూలను ఉదయము ఎండ ఎక్కకముందే కోయవలెను. అయితే మంచు ఆరక తడితోనున్న పూలను పెట్టెలలో వేయరాదు. నీడలో పలుచగా పరచి, పైతడి ఆరిన పిమ్మటనే నింపవలెను. వాన కురిసిన మరునాటి పూలు నిల్వకు పనికిరావు. వాటిని వెంటనే అమ్ముకొనుడు.

ఇక్కడ ఒక అలవాటును గూర్చి చెప్పవలసియున్నది. బరువు తగ్గకుండుటకును, చూపునకు తాజాగా కనబడుటకును విడిపూలమీద నీళ్ళు చిలకరించుట బజారులో ఉన్నది. ఆ దినమే అమ్ముడుపోవు పూలకు ఇది పెద్దగా చేటు చేయకపోవచ్చును. కాని నీళ్ళు చల్లిన చామంతిని సంచిలో కట్టి గిడ్డంగిలో పెట్టుట బూజునకు విత్తనము చల్లినట్లే. తడిసిన ఒక గుప్పెడు పూలు సంచినంతటిని చెరచును.

కోయు దశ కూడ ముఖ్యము. రోజాను, పూవు క్రింది పచ్చని రేకులు వెనుకకు వంగి, పైరేకు ఒకటి రెండు వదులైనపుడు కోయవలెను. మరీ బిగుతు మొగ్గను కోసినచో మెడ వంగిపోవును, విచ్చదు. జెర్బెరాలో నడిమి చక్రపు వెలుపలి రెండు వరుసలలో పుప్పొడి కనబడినపుడు కాడను మెలిపెట్టి లాగి, అడుగుననున్న గట్టిభాగమును రెండు మూడు సెంటీమీటర్లు కోసివేయవలెను. ఆ గట్టిభాగము నీటిని పీల్చదు. విడి చామంతిని పూర్తిగా విచ్చిన తరువాత, నడిమి భాగము వాడకముందే కోయవలెను. పురుగు తిన్నది, నలిగినది, మచ్చపడినది నిల్వకు పెట్టకుడు. గాయపడిన పూవు తాను చెడుటయేగాక తన ప్రక్కదానిని కూడ చెరచును.

నీటి సంగతి

కాడలతో కోసిన పూలను కోసిన కొద్ది నిమిషములలోనే నీటిలో నిలుపవలెను. ఆలస్యమైనచో కాడలోని సన్నని గొట్టములలోనికి గాలి చేరి నీరు ఎక్కనీయదు. మురికినీటిలోని సూక్ష్మజీవులు కూడ ఆ గొట్టములనే మూసివేయును. గిడ్డంగి ఎంత మంచిదైనను గొట్టము మూసికొన్న రోజా మెడ వంగక తప్పదు.

బక్కెట్లను ప్రతిదినము బ్లీచింగు పొడి కలిపిన నీటితో తోమి కడుగవలెను. రోజాలు నిలుపు నీటిలో 10 లీటర్లకు 3 గ్రాముల నిమ్మఉప్పు కలిపినచో నీరు త్వరగా కాడ ఎక్కును. మన బోరునీరు చాలచోట్ల ఉప్పునీరు, క్షారగుణము కలది గనుక ఇంకను కొంచెము నిమ్మఉప్పు అవసరము కావచ్చును. ఆమ్లమును చూపు కాగితపు పట్టీలు దుకాణములలో దొరకును, పి.హెచ్. 3.5 దగ్గరకు వచ్చునట్లు చూచుకొనుడు. జెర్బెరా కాడలు త్వరగా కుళ్ళును గనుక వాటి నీటిలో 10 లీటర్లకు సుమారు ఒకటిన్నర గ్రాము బ్లీచింగు పొడి కలిపి, తేరుకొన్న పైనీటిని వాడవచ్చును. నిమ్మఉప్పును, బ్లీచింగు పొడిని మాత్రము ఒకే నీటిలో ఎన్నడును కలుపరాదు. రెండును కలిసినపుడు విషవాయువు వెలువడును.

పాత అనంతపురము జిల్లాలో కొన్నిచోట్ల బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న సంగతి మీరెరుగుదురు. మనుష్యుల పండ్లను, ఎముకలను చెరచు ఆ ఫ్లోరైడే జెర్బెరా, గ్లాడియోలసు పూల రేకుల అంచులను కూడ మాడ్చును. లీటరునకు ఒక మిల్లీగ్రాము ఉన్నను ఈ పూలకు హాని కలుగును. అట్టి ఊళ్ళలో పాలీహౌసు కప్పుమీద పడు వాననీటిని తొట్టిలో పట్టి, పూల బక్కెట్లకు ఆ నీటిని వాడుట మంచిది.

తోటవేడి తీయుట

పెట్టెలలో నింపిన పూలు తోటవేడిని తమతో తెచ్చును. మూతవేసిన పెట్టెలను అట్లే గిడ్డంగిలో దొంతిగా పేర్చినచో గది చల్లగా నున్నను నడిమి పెట్టెలోని పూలు గంటల తరబడి వేడిగానే ఉండును. గది గోడకు వ్రేలాడు ఉష్ణమాపకము 3 డిగ్రీలు చూపును. పెట్టె నడుమ 20 డిగ్రీలుండును. రైతు మోసపోవునది ఇక్కడనే.

దీనికి మార్గము చల్లగాలిని పెట్టెల గుండా లాగుట. పెట్టెలకు రెండు ప్రక్కల రంధ్రములుండవలెను. చల్లని గదిలో పెట్టెలను రెండు వరుసలుగా, నడుమ సందు విడిచి పేర్చుడు. సందు పైభాగమును, ఒక చివరను టార్పాలినుతో మూయుడు. రెండవ చివర ఒక ఫ్యానును, సందులోని గాలిని బయటకు లాగునట్లు అమర్చుడు. అప్పుడు గదిలోని చల్లగాలి పెట్టెల రంధ్రముల గుండా పూలనడుమనుండి దూరిపోవును. ఇట్లు చేసినచో సుమారు ఒక గంటలో వేడి దిగును. పిమ్మట రంధ్రములను మూసి నిల్వకు పేర్చవలెను. ఈ సౌకర్యము లేనిచోట మూతలు తీసిన క్రేట్లను విడివిడిగా ఒక రాత్రి గదిలో ఉంచి, పూలు చల్లబడిన తరువాత ప్యాకు చేయుడు. ఉష్ణమాపకపు మొనను పూలనడుమ గ్రుచ్చి చూచి నిర్ణయించుకొనవలెను.

చింతపండు గిడ్డంగి పూలకు తగునా?

హిందూపురము చింతపండు వ్యాపారమునకు పేరుపడినది. అక్కడి శీతల గిడ్డంగులలో చింతపండు నిల్వచేయుట అందరికి తెలిసినదే. "ఆ గిడ్డంగిలో ఒక మూల మన పూలు పెట్టినచో ఏమి?" అని రైతులు అడుగుచుందురు. ఒప్పుకొనకముందు రెండు సంగతులు విచారింపుడు.

మొదటిది గాలిలోని తేమ. చింతపండునకు చెమ్మ తగులరాదు. అందుచేత అచటి గాలి పొడిగా ఉండుట మేలు. పూలకు దీనికి విరుద్ధము. నూటికి 90 నుండి 95 వరకు గాలిలో తేమ ఉండవలెను. పొడిగాలిలో పూవు చల్లగా ఉండియే ఎండిపోవును. తప్పనిసరిగా అట్టి గదిలోనే పెట్టవలసివచ్చినచో పెట్టెలలో పలుచని పాలిథీను పరచి, పూలను కప్పి ఉంచుడు. పూవునకు, పాలిథీనుకు నడుమ ఒక వార్తాకాగితము ఉన్నచో చెమర్చిన నీటిని అది పీల్చుకొనును. పూలకే ప్రత్యేకించిన గదియైనచో నేలను తడుపుట, తుంపరయంత్రము పెట్టుట మొదలగు మార్గములున్నవి.

రెండవది తోడుసరకు. మామిడి, అరటి, సపోటా, టమాటా మొదలగునవి పండునపుడు ఇథిలీను అను వాయువును విడుచును. పండ్లను పండించు ఆ వాయువే పూలను ముసలివి చేయును. 1908లో అమెరికాలోని చికాగో నగరపు శాస్త్రజ్ఞులు క్రాకరు, నైటు అనువారు, గాజుగృహములలోని కార్నేషను పూలు విచ్చక ముడుచుకొనిపోవుటకు దీపముల గ్యాసులోని ఇథిలీను కారణమని చూపిరి. కంటికి కనబడని ఆ వాయువు రవ్వంత ఉన్నను చాలును. కార్నేషను ముడుచుకొనును, కొన్ని రకముల రోజాలు రేకులు రాల్చును. చామంతి పూవు దీనిని కొంత ఓర్చుకొనును గాని దాని ఆకు పసుపుబారును. కావున పండ్లున్న గదిలో పూలు పెట్టరాదు. వాడిపోయిన పూలు, ఆకులు కూడ ఈ వాయువును విడుచును గనుక వాటిని గదిలో మిగులనీయకుడు. లారీ పొగలోను ఇది ఉండును. తలుపు దగ్గర ఇంజను ఆపియే సరకు దింపవలెను.

ఈ వాయువు పనిని అడ్డగించు 1-ఎం.సి.పి. అను మందును 1990 దశకములో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్ర విశ్వవిద్యాలయములో కనుగొనిరి. పెద్ద ఎగుమతిదారులు దానిని వాడుదురు. మనకు చేతిలోనున్న మందు శుభ్రతయే.

పేర్చుట, కనిపెట్టుట

పెట్టెలను గోడకు ఆనించక, నేలమీద పెట్టక, చెక్క పలకలమీద పేర్చుడు. వరుసల నడుమ గాలి తిరుగుటకు సందు విడువవలెను. చలియంత్రము గాలి నేరుగా కొట్టుచోట పూలు పెట్టరాదు. అచట సున్నకు దిగువకు పోయినచో రేకులు గడ్డకట్టి, కరిగిన పిమ్మట ఉడికినట్లగును. మీరు బాడుగకు తీసికొన్న గది వేడి హెచ్చుతగ్గులు లేక 0 డిగ్రీల దగ్గర నిలువలేనిదైనచో 2 నుండి 4 డిగ్రీలు పెట్టుకొనుటయే క్షేమము. నిల్వకాలమును మాత్రము తగ్గించుకొనుడు. గ్లాడియోలసు కాడలను పరుండబెట్టినచో కొనలు పైకి వంగును గనుక నిలువుగానే ఉంచవలెను.

ప్రతి పెట్టెమీద కోసిన తేదీ వ్రాయుడు. ముందు వచ్చినది ముందు పోవలెను. దినమునకు ఒకసారి ఒకటి రెండు పెట్టెలు తెరచి చూడుడు. బూజు కనబడినచో ఆ సరకును ఆ దినమే అమ్మివేయుడు. పండుగ వరకు ఆగినచో అదియు పోవును. కరెంటు పోయినపుడు గిడ్డంగికి జనరేటరు కలదా అని ముందే అడిగి తెలిసికొనుడు. తలుపు మాటిమాటికి తీయుట వలన వేడిగాలి, దానితో చెమ్మ లోపల చేరి పూలమీద బిందువులు కట్టును.

బయటకు తీయునపుడు

చల్లని పూలను ఒక్కసారిగా వేడిగాలిలో విప్పినచో, చల్లని చెంబుమీద వలె వాటిమీద నీరు చెమర్చును. ఆ తడి మీద బూజు లేచును. పెట్టెలను మూతతోనే నీడలో ఉంచి, కొంత వేడెక్కిన పిమ్మట విప్పుడు. బెంగుళూరునకు పంపునపుడు రాత్రివేళ బయలుదేరి తెల్లవారుసరికి బజారు చేరునట్లు చూచుకొనవలెను. వేడి తగులనీయని పెట్టెబండి దొరకనిచో పెట్టెలను దగ్గరదగ్గరగా పేర్చి టార్పాలిను కప్పుడు. నీరు లేకుండ నిల్వయుంచిన రోజా, చామంతి కాడల అడుగును రెండు సెంటీమీటర్లు కోసి, నిమ్మఉప్పు నీటిలో కొన్ని గంటలు నిలిపిన పిమ్మట అమ్మకమునకు పెట్టవలెను.

గిడ్డంగి అందుబాటులో లేనివారికి

తోటలో ఒక పూట, ఒక రాత్రి పూలను కాపాడుకొనుటకు కరెంటు అక్కరలేని చల్లని అరను ఇటుకలతో కట్టుకొనవచ్చును. న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారు 1980 దశకములో దీనిని రూపొందించిరి. చెట్టునీడలోనో పందిరి క్రిందనో, 165 సెంటీమీటర్ల పొడవు, 115 సెంటీమీటర్ల వెడల్పున ఇటుకలు పరచుడు. దాని అంచున 67.5 సెంటీమీటర్ల ఎత్తు గోడను రెండు వరుసలుగా, నడుమ 7.5 సెంటీమీటర్ల సందు విడిచి కట్టుడు. ఆ సందులో ఏటి ఇసుక నింపి, ఇసుకను, ఇటుకలను బాగుగా తడుపుడు. పైన వెదురుతడక, దానిమీద తడి గోనె కప్పుడు. ఉదయ సాయంకాలములు నీరు పోయుచుండవలెను.

కుండలో నీరు చల్లబడు సూత్రమే ఇందులోను ఉన్నది. గాలి ఎంత పొడిగా ఉన్న అంత బాగుగా ఇది చల్లబడును. కావున మన ప్రాంతపు వేసవికి ఇది చక్కగా అమరును. ఎండకాలములో బయటికంటె 10 నుండి 15 డిగ్రీల వరకు తక్కువ వేడి, నూటికి 90 వంతుల తేమ లోపల ఉండును. ముసురుపట్టిన వానాకాలములో మాత్రము దీని బలము తగ్గును. గిడ్డంగికి పంపువారు కూడ లారీ వచ్చువరకు పూలను ఇందులో ఉంచవచ్చును.

నిల్వపెట్టకముందు లెక్క వేయుడు

నిల్వ వలన లాభమా, నష్టమా అను సంగతి కాగితముమీద చూచుకొనవలెను. మాటవరసకు, మీవద్ద 100 కిలోల చామంతి ఉన్నదనుకొనుడు. నేటి ధర కిలో 40 రూపాయలు. అమ్మిన 4,000 రూపాయలు వచ్చును. అయిదు దినములు నిల్వపెట్టినచో ఆరుదల, ఏరివేత పోను 85 కిలోలు మిగిలినదనియు, బాడుగ, క్రేట్లు, కూలి, రవాణా కలిపి 600 రూపాయలైనదనియు అనుకొందము. పండుగనాడు 60 రూపాయల ధర పలికినచో 5,100 రూపాయలు వచ్చును. ఖర్చులు పోను 4,500. లాభము 500 రూపాయలు. ధర 50 రూపాయలే పలికినచో 4,250 వచ్చును. ఖర్చులు పోను 3,650. అనగా 350 రూపాయల నష్టము. ఈ లెక్కలో కిలో ధర 54 రూపాయలు దాటినగాని నిల్వ గిట్టుబాటు కాదు. నేటి ధరకంటె పది రూపాయలు పెరుగును గదా అని సంతోషించినవాడు నష్టపోయినాడు.

మీ సొంత అంకెలతో ఇదే లెక్క వేసికొనుడు. తరుగు ఎంత అగునో తెలియుటకు మొదటిసారి పది కిలోలు మాత్రమే పెట్టి, తూచి పెట్టి, తూచి తీసి చూడుడు. పంట మొత్తమును ఒకే పండుగమీద నమ్మి దాచుకొనకుడు. కొంత అమ్మి, కొంత నిలుపుట వివేకము. పదిమంది రైతులు కలిసి ఒక చిన్న గదిని పూలకే బాడుగకు తీసికొన్నచో చింతపండుతోను, పండ్లతోను పొత్తు తప్పును, ఖర్చును పంచుకొనవచ్చును. గది ఎంపికలోను, చల్లని అర కట్టుటలోను సందేహములున్నచో మీ ఉద్యాన అధికారిని సంప్రదింపుడు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. చల్లపొద్దున కోయుడు, పైతడి ఆర్చుడు, నీళ్ళు చిలకరింపకుడు.
2. చామంతి, రోజా చలిని ఓర్చును. మల్లె, కనకాంబరము, లిల్లీ ఎక్కువ దినముల నిల్వకు లొంగవు.
3. తోటవేడి తీసిన తరువాతనే పెట్టెలు మూయుడు.
4. పొడిగాలి గదిలో పాలిథీను పరువక పూలు పెట్టకుడు. పండ్లతో ఎన్నడును కలుపకుడు.
5. పెట్టె నడుమ నున్న వేడిని కొలుచుకొనుడు. గోడమీది అంకెను నమ్మకుడు.
6. తరుగును, ఖర్చును లెక్కించి, గిట్టుబాటు ధర తెలిసికొనిన పిమ్మటనే నిల్వకు పంపుడు.